అమ్మిన ధర వేరు, చేతికి మిగిలేది వేరు

మంగళగిరిలోనో, పోచంపల్లిలోనో, గద్వాలలోనో నేతన్నల దగ్గర పది చీరలు తెచ్చుకుని, ఫోన్లో ఫొటోలు తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టి అమ్ముకునే ఆడవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడిపే కుర్రాళ్లున్నారు. బదిలీ మీద ఊరు మారుతూ సోఫా, ఫ్రిజ్, పిల్లల సైకిలు ఓఎల్‌ఎక్స్‌లో పెట్టే ఉద్యోగులున్నారు. షాపు అద్దె లేదు, అడ్వాన్సు లేదు, ఫోన్ ఒక్కటి ఉంటే చాలన్న ధైర్యంతో దిగేవాళ్లే ఎక్కువ. ఆ ధైర్యం మంచిదే. కానీ నాలుగు నెలలు తిరిగేసరికి "ఆర్డర్లు బాగానే వస్తున్నాయి, డబ్బే కనిపించడం లేదు" అని వాపోయేవాళ్లూ వీళ్లలోనే ఉంటారు.

షాపులో బేరం కుదిరితే ఈ చేత్తో సరుకు ఇస్తాం, ఆ చేత్తో డబ్బు తీసుకుంటాం. ఆన్‌లైన్‌లో సరుకు ఒక దారిన పోతుంది, డబ్బు మరో దారిన వస్తుంది. మధ్యలో రోజులు గడుస్తాయి. ఆ మధ్యలోనే అమ్మకపు యాప్ తన ఫీజు కోసుకుంటుంది, కొరియర్ తన ఛార్జీ తీసుకుంటుంది. మోసగాడు కాచుకుని కూర్చునేదీ అక్కడే. కాబట్టి సరుకు కొనకముందే ఆ మధ్యలో ఏం జరుగుతుందో తెలుసుకుని దిగాలి.

ఏ దారిలో అమ్మితే ఏ ఖర్చు

మొదటి దారి అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి పెద్ద యాప్‌లు. కస్టమర్లను వాళ్లే తెస్తారు, పార్సిల్ వాళ్లే తీసుకెళ్తారు, డబ్బు వాళ్లే వసూలు చేస్తారు. ప్రతి పనికీ ఒక ఫీజు ఉంటుంది. అమెజాన్‌లో రిఫరల్ ఫీజు, క్లోజింగ్ ఫీజు, వెయిట్ హ్యాండ్లింగ్ ఫీజు అని మూడు ముఖ్యమైన పేర్లు వినిపిస్తాయి. మొదటిది అమ్మిన ధరలో శాతం, రెండోది ఆర్డరుకు ఇంత అని, మూడోది బరువును, దూరాన్ని బట్టి. మీషో 2021 నుంచి అమ్మేవాళ్ల దగ్గర కమిషన్ తీసుకోవడం లేదు. అలాగని అక్కడ అమ్మడం ఉచితం కాదు. రవాణా, రిటర్న్, ప్రకటనల ఖర్చు లెక్కలో ఉండనే ఉంటుంది. ఈ ఫీజులన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ అదనం. రేట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి స్నేహితులు చెప్పిన పాత లెక్క నమ్మకుండా, మీ సెల్లర్ ఖాతాలో ఆ రోజు కనిపించే ఫీజుల పట్టికనే చూడండి.

రెండో దారి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్. కమిషన్ ఉండదు. మీ యూపీఐకి నేరుగా వచ్చే డబ్బు మీద కోతా ఉండదు. పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే మాత్రం సుమారు 2 శాతం, దాని మీద జీఎస్టీ పోతాయి. ఇక్కడ అసలు ఖర్చు మీ సమయం. "ఇంకో రంగు ఉందా మేడమ్", "వీడియో పెట్టండి", "లాస్ట్ ప్రైస్ చెప్పండి" అనే యాభై మెసేజీలకు జవాబిస్తే రెండు చీరలు అమ్ముడుపోతాయి. ఆ గంటలకు కూడా ధరలో కొంత వేసుకోవాలి.

మూడో దారి ఓఎల్‌ఎక్స్ లాంటి చోట్ల పాత సామాను అమ్మడం. ఫీజు తక్కువ, పార్సిల్ బాధ లేదు. కానీ మోసగాళ్ల ఫోన్లు ఎక్కువగా వచ్చేది ఈ దారిలోనే.

ఒక చీర లెక్క

లెక్క కళ్లముందు ఉండేందుకు ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు నేను అనుకున్నవి, మీ అంకెలు మీరు పెట్టుకోండి. చీర కొన్న ధర 800. యాప్‌లో పెట్టిన ధర 1,200. పైకి చూస్తే లాభం 400.

ఇప్పుడు కోతలు చూడండి. కమిషన్ 10 శాతం అనుకుంటే 120. ఆర్డరు మీద స్థిరమైన ఫీజు 30. షిప్పింగ్ 90. మొత్తం 240. దాని మీద జీఎస్టీ 43 రూపాయల 20 పైసలు. కవరు, టేపు, లేబులు కలిపి ప్యాకింగ్‌కి 20. అన్నీ పోగా మిగిలేది 96 రూపాయల 80 పైసలు. నాలుగు వందలనుకున్నది వందకు కూడా రాలేదు.

ఇది చీర కస్టమర్ దగ్గరే ఉండిపోతే వచ్చే లెక్క. వెనక్కి వస్తే? కమిషన్, స్థిరమైన ఫీజు మీకు తిరిగి ఇస్తారనే అనుకుందాం. వెళ్లిన ఛార్జీ 90, వచ్చిన ఛార్జీ 110 మీ మీద పడితే, జీఎస్టీతో 236. ప్యాకింగ్ 20 ఎలాగూ పోయింది. ఒక్క రిటర్న్‌కి 256 రూపాయలు చేతి నుంచి పోతాయి.

పది ఆర్డర్లలో ఒకటి వెనక్కి వస్తే తొమ్మిది చీరల మీద వచ్చిన 871లో ఈ 256 పోయి 615 మిగులుతుంది. రెండు వెనక్కి వస్తే మిగిలేది 262. మూడు వస్తే 90 రూపాయలు ఎదురు పెట్టాలి. ఏడు చీరలు అమ్మి, ఏడుగురు కస్టమర్లను సంతోషపెట్టి, చివరికి నష్టం. ఆర్డర్లు వస్తున్నా డబ్బు కనిపించకపోవడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. కాబట్టి ధర వేసేటప్పుడు "ఎంతకు అమ్ముడుపోతుంది" అని మాత్రమే కాకుండా "పదిలో రెండు తిరిగొచ్చినా గిట్టుతుందా" అని కూడా అడగండి. గిట్టకపోతే ధర పెంచాలి, లేదా ఆ సరుకును ఆ యాప్‌లో అమ్మకూడదు. తక్కువ ధర సరుకైతే రెండు మూడు కలిపి సెట్టుగా పెట్టడం మేలు. రవాణా ఖర్చు ఒక్కసారే పడుతుంది.

తూకంలో పోయే డబ్బు

కొరియర్‌వాళ్లు బరువును రెండు రకాలుగా చూస్తారు. ఒకటి కాటా మీద తూగే బరువు. రెండోది పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 5,000తో భాగించడం చాలా కొరియర్ సంస్థల పద్ధతి. ఈ రెండు బరువుల్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి.

చీర ఆరు వందల గ్రాములే ఉండొచ్చు. దాన్ని అందంగా కనిపించాలని 30, 25, 10 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే లెక్క కిలోన్నరకు వెళ్తుంది. అదే చీరను గట్టిగా మడిచి, చిరగని కవరులో నాలుగు సెంటీమీటర్ల మందంలో ప్యాక్ చేస్తే 600 గ్రాములతో సరిపోతుంది. పెట్టె మార్చితే చాలు, ప్రతి పార్సిల్ మీదా కిలోకు దగ్గరగా తగ్గుతుంది. పచ్చళ్లు, గాజు సామాను పంపేవాళ్లకు పెట్టె తప్పదు కాబట్టి సరుకుకు సరిపడే సైజు పెట్టెలు రెండు మూడు రకాలు తెప్పించి పెట్టుకోవాలి.

ఇంట్లో ఒక డిజిటల్ కాటా, ఒక కొలిచే టేపు కొనండి. ప్రతి పార్సిల్‌నూ కాటా మీద పెట్టి, అంకె కనిపించేలా ఫొటో తీయండి. తర్వాత "బరువు ఎక్కువుంది" అని అదనంగా కోసినప్పుడు, ఆ ఫొటో ఉంటేనే మీ అభ్యంతరానికి విలువ.

పోస్టాఫీసును మరిచిపోవద్దు. ప్రైవేటు కొరియర్ వెళ్లని పల్లెకు కూడా పోస్టుమ్యాన్ వెళ్తాడు. 2025 అక్టోబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కొంచెం అదనంగా కడితే ఓటీపీ చెప్పాకే ఇచ్చే డెలివరీ కూడా ఉంది. "నాకు అందలేదు" అనే వివాదాలకు అది మంచి మందు. పాత పుస్తకాలు అమ్మేవాళ్లు 2025 మే నుంచి మొదలైన జ్ఞాన్ పోస్ట్ గురించి కౌంటర్లో అడగండి. చదువుకు, సంస్కృతికి, మతానికి సంబంధించిన పుస్తకాలకు అందులో రేట్లు తక్కువ. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం.

విలువైన సరుకు పంపుతుంటే ఇన్సూరెన్స్ చేయించండి. పార్సిల్ పోతే కొరియర్ సంస్థ ఇచ్చే పరిహారానికి ఒక పరిమితి ఉంటుంది. అది రసీదు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పట్టుచీర విలువకూ దానికీ పొంతన ఉండదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు చీరలు, పచ్చళ్లు పంపేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఆ దేశంలో ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. ఆ సుంకం ఎవరు కట్టాలో డబ్బు తీసుకోకముందే కస్టమర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి. అక్కడ పార్సిల్ ఆగాక తేల్చుకోవడం కుదరదు.

రిటర్న్‌లు తగ్గించుకునే పద్ధతి

సరుకు వచ్చాక డబ్బిచ్చే పద్ధతిలో, అంటే సీఓడీలో, ఆర్డరు పెట్టడానికి కస్టమర్ పైసా ఖర్చు పెట్టడు. అందుకే తలుపు దగ్గర "వద్దు" అనడం తేలిక. నేరుగా అమ్మేవాళ్లు నూరో రెండు వందలో ముందుగా తీసుకుని, మిగతాది డెలివరీ అప్పుడు తీసుకునే ఏర్పాటు చేసుకోవాలి. పంపేముందు ఒకసారి ఫోన్ చేసి చిరునామా, పిన్‌కోడు, ఇంటి గుర్తు అడిగి రాసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

రంగు తేడా వల్ల వచ్చే రిటర్న్‌లకు మందు ఫొటోలోనే ఉంది. ఫిల్టర్ వేయకుండా, పగటి వెలుతురులో తీయండి. చేనేత చీరలో ఎక్కడో ఒక పోగు ఎగుడుదిగుడుగా ఉంటే అది లోపం కాదని ముందే చెప్పండి. చీర పొడవు, జాకెట్టు ముక్క ఉందా లేదా, ఉతికే పద్ధతి, ఈ మూడూ రాయండి.

పెళ్లికి ఒకరోజు కట్టుకుని వెనక్కి పంపేవాళ్లు, కొత్త చీర ఉంచుకుని పాతది పెట్టి పంపేవాళ్లు అరుదైనా ఉన్నారు. ట్యాగ్‌ను పైట కొంగు దగ్గర స్పష్టంగా కనిపించేలా కుట్టి, తీస్తే రిటర్న్ లేదని రాయండి. ప్యాకింగ్ వీడియో తప్పనిసరి. చీర రెండు వైపులా విప్పి చూపాలి, ట్యాగ్ చూపాలి, కవరులో పెట్టి అంటించాలి, పైన లేబులు మీది నంబరు చూపాలి. అంతా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోలో ఉండాలి. వెనక్కి వచ్చిన పార్సిల్‌ను కూడా అలాగే వీడియో తీస్తూనే తెరవండి. తేడా ఉంటే అదే రోజు క్లెయిమ్ వేయండి. అమెజాన్‌లో దీన్ని సేఫ్-టీ క్లెయిమ్ అంటారు. ప్రతి యాప్‌లోనూ దీనికి గడువు ఉంటుంది, గడువు దాటితే ఎంత మంచి సాక్ష్యమైనా చెల్లదు.

జీఎస్టీ సంగతి

సొంతంగా వాడుకున్న సోఫా అమ్ముకునేవాళ్లకు ఈ భాగంతో పనిలేదు. వ్యాపారంగా చేసేవాళ్లు మాత్రం జాగ్రత్తగా చదవాలి. సరుకు అమ్మకాలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఈ పరిమితికి లోపలే ఉన్నాం కదా అని ఊరుకోవద్దు. పెద్ద యాప్‌ల ద్వారా అమ్మాలంటే సాధారణంగా రిజిస్ట్రేషన్ కావాలి. 2023 అక్టోబరు నుంచి చిన్న వ్యాపారులకు ఒక వెసులుబాటు వచ్చింది. సొంత రాష్ట్రంలోనే అమ్మేవాళ్లు పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని యాప్‌లలో అమ్మవచ్చు. నేను పైన వేసిన చీర లెక్క అలాంటి వ్యాపారిదే.

బయటి రాష్ట్రాలకు సరుకు పంపితే వాట్సాప్‌లో అమ్మినా రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది. హస్తకళా వస్తువులకు కొన్ని మినహాయింపులున్నాయి. మీ సరుకు వాటిలోకి వస్తుందో లేదో ఆడిటర్‌ను ఒక్కసారి అడగండి. ఆయన ఫీజు జరిమానా కంటే తక్కువే. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల చెల్లింపుల్లోంచి యాప్‌లు జీఎస్టీ కింద 0.5 శాతం, ఆదాయపు పన్ను కింద 0.1 శాతం పట్టుకుంటాయి. ఇవి పోయిన డబ్బు కాదు, పన్ను రిటర్నులు వేస్తే మీ లెక్కలో జమ అవుతాయి. వేయనివాళ్లే పోగొట్టుకుంటారు.

మోసగాడు ఎలా మాట్లాడతాడు

ఓఎల్‌ఎక్స్‌లో ఫ్రిజ్ పెట్టిన పది నిమిషాలకు ఫోన్ వస్తుంది. అవతలివాడు బేరమాడడు, చూస్తానని అనడు. "నేను ఆర్మీలో పనిచేస్తాను సార్. ఇప్పుడే మీ ఊరికి పోస్టింగ్ వచ్చింది. మా బండి వచ్చి తీసుకెళ్తుంది, డబ్బు ముందే పంపేస్తాను" అంటాడు. వాట్సాప్‌లో యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు వచ్చిపడతాయి. నమ్మకం కలగడానికి ముందు అయిదు రూపాయలు నిజంగానే పంపుతాడు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, "దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ ఖాతాలో డబ్బు పడుతుంది" అంటాడు. పిన్ కొట్టగానే డబ్బు పడదు, పోతుంది.

ఒక్క సూత్రం ఇంట్లో అందరికీ నేర్పండి: డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీరే చెల్లిస్తున్నారని అర్థం. వ్యక్తుల మధ్య "నాకు ఇంత పంపు" అని యూపీఐలో రిక్వెస్టు పంపే సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. ఒక దారి మూసుకుంది కానీ క్యూఆర్ కోడ్ ఎర ఇంకా ఉంది.

ఇంకా నాలుగు ఎత్తులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పేమెంట్ స్క్రీన్‌షాట్. డబ్బు పంపినట్టు చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి, బ్యాలెన్సులో డబ్బు పడిందని చూసుకున్నాకే కట్టండి.

రెండు, "పొరపాటున ఎక్కువ పంపాను". రెండు వేలు పంపాల్సినవాడు ఇరవై వేలు పంపానని, ఆసుపత్రిలో ఉన్నానని, మిగతాది వెంటనే వెనక్కి పంపమని ఏడుస్తాడు. మీ ఫోన్లో జమ అయినట్టు మెసేజ్ కూడా ఉంటుంది. అది పది అంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చిందేమో చూడండి. బ్యాంకు మెసేజ్ అలా రాదు. డబ్బు నిజంగా పడితే బ్యాంకుకు చెప్పి, వచ్చిన ఖాతాకే పంపండి. ఇంకో నంబరుకు పంపమంటే ఒప్పుకోవద్దు.

మూడు, కొరియర్ పేరుతో ఫోన్. పార్సిల్ ఆగింది, రెండు రూపాయలు కట్టమని లింకు పంపుతాడు. లేదా *401* లేదా *21* తో మొదలయ్యే నంబరు డయల్ చేయమంటాడు. అలా చేస్తే మీ కాల్స్ వాడి ఫోనుకు మళ్లుతాయి, ఓటీపీలు వాడి చెవిన పడతాయి. ఆర్డరు వివరాలంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవకండి.

నాలుగు, సెల్లర్ సపోర్ట్ పేరుతో ఫోన్. మీ ఖాతా బ్లాక్ అవుతోందని భయపెట్టి, ఎనీడెస్క్ లాంటి యాప్ పెట్టించి, మీ ఫోన్ తెర చూస్తాడు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు. యాప్ లోపలి హెల్ప్ పేజీ నుంచే మాట్లాడండి.

ఈ అన్నిటిలోనూ ఉండే లక్షణం తొందర. నిజమైన కొనుగోలుదారు పది నిమిషాలు ఆగుతాడు. ఆగలేనివాడి బేరం మీకు వద్దు.

డబ్బు పోతే, ఖాతా ఆగితే

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫిర్యాదు అందగానే ఆ డబ్బు చేరిన ఖాతాను ఆపించే ఏర్పాటు ఉంది. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారి చేజారిపోతుంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా తెలపండి. డబ్బు పోకపోయినా, మోసపు ఫోన్ వస్తే సంచార్ సాథీ పోర్టల్లోని చక్షు విభాగంలో ఆ నంబరు ఇవ్వండి. మీ తర్వాత వాడి ఫోన్ ఎత్తబోయే మనిషికి అది సాయం.

ఇంకో చిక్కు ఉంది. ఎవరినో మోసం చేసి దోచిన డబ్బుతో ఒకడు మీ దగ్గర చీర కొనవచ్చు. బాధితుడు ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు జాడ మీ ఖాతా దాకా వస్తుంది, బ్యాంకు ఆ మొత్తాన్నో, ఒక్కోసారి ఖాతానో ఆపుతుంది. మీ తప్పేమీ లేకపోయినా, ఏ రాష్ట్రం పోలీసులు ఆపించారో కనుక్కుని, అమ్మకం నిజమని రుజువు చూపించాలి. అందుకే వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. ఇంటి అద్దె, పిల్లల ఫీజు డబ్బు అందులో ఉంచకండి. ప్రతి అమ్మకానికీ బిల్లు, చాటింగ్, కొరియర్ రసీదు దాచండి.

మొదలుపెట్టే ముందు

రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. ఒక్కో ఆర్డరుకు ఒక్కో వరుస: కొన్న ధర, అమ్మిన ధర, ఫీజు, రవాణా, ప్యాకింగ్, రిటర్న్ ఖర్చు, మిగిలింది. నెలాఖరున కూడితే ఏ సరుకు అన్నం పెడుతోందో, ఏది తినేస్తోందో తెలిసిపోతుంది. మొదటి నెల పది పదిహేను ఆర్డర్లకు మించి స్టాక్ తేవద్దు. అప్పు చేసి అసలే తేవద్దు. లెక్క గిట్టుతుందని పుస్తకం చెప్పాక పెంచుకోండి.

రాత్రి పన్నెండింటికి వీడియో కాల్లో చీరలు చూపించి, తెల్లారి పిల్లల క్యారేజీ కట్టి, మధ్యాహ్నం పోస్టాఫీసు వరుసలో నిలబడే మనిషి శ్రమకు విలువ ఉంది. ఆ శ్రమ ఫలం దారిలో ఎవరి పాలూ కాకూడదు. మీకు తెలిసినవాళ్లు ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్ముతుంటే, ఇవాళే వాళ్లకు రెండు మాటలు చెప్పండి: ధర వేసేముందు రిటర్న్ కూడా కలిపి లెక్క వేయమని, డబ్బు తీసుకోవడానికి ఎన్నడూ పిన్ కొట్టవద్దని.